శరత్తునకు రంగులు

మా బాల్యమిత్రుడొకడు గతించి మూడేండ్లయినది. అతని జ్ఞాపకార్థము, నంద్యాలకును ఆళ్లగడ్డకును నడుమనున్న మా శిరివెళ్ల చేలను, శరత్కాలమున నవి యుండు రీతిని, నీటిరంగులతో వ్రాయ బూనుకొంటిమి. దసరా సెలవులలో అతనితో తిరిగిన చేలవి.

చదువరులలో ఆంగ్లము నేర్చినవారికి శరత్తనగానే ఎఱ్ఱని ఆకులు రాలుట స్ఫురించును. మిల్లే యను ఆంగ్ల చిత్రకారుడు 1856లో ప్రదర్శించిన 'శరత్పర్ణములు' అను చిత్రమున బాలికలు రాలిన యాకులను కుప్పవేయుచుందురు. ఆ దేశమునకది సత్యము. మనకు ఆకురాలు కాలము శిశిరము. కాళిదాసుని ఋతుసంహారమున మూడవ సర్గము శరత్తుదే. అందు రెల్లుపూలును పండిన వరిచేలును గలవు. అయినను మన బడిపిల్లలు అచ్చుబొమ్మలు చూచి యెఱ్ఱచెట్లు గీయుచునే యున్నారు. కంటి యెదుటిది విడిచి పుస్తకములోనిది గీయుట యొకవిధమగు బానిసత్వమే.

మా మిత్రుడట్లు గీసినవాడు కాడు. రైతుబిడ్డ. బొమ్మలు కూడు పెట్టవని యింటివారు పదవ తరగతితో చదువు మాన్పించి కాడి పట్టించిరి. కుంచెను మాత్రము అతడు విడువలేదు. రేగడినేలకు నలుపు వేయరాదని మాకు చెప్పినది అతడే. "తడిసినప్పుడు చూడప్పా, నల్లగా ఉందా? నేరేడుపండు మాదిరి ఉండాది" అనెడివాడు. నీలమును కాల్చిన కావితో కలిపి ఆ చాయను తెచ్చెడివాడు. మన్నారినచోట బూడిదవన్నె, సన్నని నెఱ్ఱెలు.

తూర్పున నల్లమల. వానలు వెలసిన పిదప దుమ్మణగి, కొండలు దగ్గరకు జరిగినట్లుండును; వేసవిలో మాసియున్న లోయలన్నియు లెక్కింపవచ్చును. మబ్బులకు రంగు వేయక కాగితమునే తెల్లగా విడిచితిమి. తంగేడుపూలకు మాత్రము పసుపును ధారాళముగ వాడితిమి, అతడున్నచో కసరెడివాడేమో!

మిత్రుని స్మృతి మనుష్యునిచేత ఎంత పని చేయింపగలదో రాజమహేంద్రవరము చూపినది. దామెర్ల రామారావు 1925లో మశూచికముచే, 28 ఏండ్లైనను నిండక గతించెను. మిత్రుడు వరదా వెంకటరత్నము ఆ చిత్రములను కాపాడుటకును, చిత్రకళను బోధించుటకును తన జీవితమును ధారవోసెను. రామారావు భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు కుంచె పట్టినవారే. ముగ్గు వేయు చేతికి కుంచె నందింప వెనుకాడు తలిదండ్రులు ఈ మాట వినవలెను.

గట్టుపై తలపాగతో నొక మనుష్యుని చిన్నగా వ్రాయుటకు చోటుంచి, చిత్రమును మిత్రుని భార్యకు చూపితిమి. ఆమె చాలసేపు చూచెను.

"అన్నా, ఆయన్ను దీంట్లో రాయొద్దు. మనిషి ఉంటే అందరూ మనిషినే చూస్తారు. ఆయన చూసింది చేనునే కదా."

ఆ చోట అప్పుడే మొలచిన జొన్నపైరును వ్రాసితిమి.

చిత్రమిప్పుడు వారి యింటి గోడపై నున్నది. వారి కుమార్తెకు పండ్రెండేండ్లు. "మామా, ఈ వారం చెరువు గీద్దామా" యని ఆదివారములు మా యింటికి వచ్చుచున్నది. తెచ్చునది తండ్రి రంగుల పెట్టెయే. అందు నీలమును కావియు అడుగంటినవి. నలుపు బిళ్లకు చుట్టిన కాగితము విప్పబడనే లేదు.