చెల్లె రాసిన కేస్ షీట్ (14)

తెల్లారి అయిదింటికి చెల్లె ఫోన్ చేసింది. సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ తనది.

"అన్నా, తప్పు జరిగింది. ఒకామెకు ఇయ్యాల్సిన ఇన్సులిన్ పక్క బెడ్ అమ్మకు ఇచ్చిన. ఇద్దరి పేర్లూ ఒకటే."

తనే గుర్తుపట్టింది. షుగర్ చూసి, డ్యూటీ డాక్టర్‌ని లేపింది. గ్లూకోజ్ ఎక్కించారు. ఆ అమ్మ తేరుకుంది. ఇన్‌చార్జి సిస్టర్ మాత్రం, "షుగర్ పడిపోయిందని రాయి చాలు, ఇన్సులిన్ ముచ్చట వద్దు" అన్నదట.

నేనేం చెప్పానో తెలుసా మిత్రులారా? "ఆమె చెప్పినట్టే చెయ్యి."

అవును, జవాబుదారీతనం కావాలని మైకుల్లో అరిచే నేనే. భయం. పెద్ద కులపు డాక్టర్ పొరపాటు చేస్తే పని ఒత్తిడి అంటారు. మాదిగ పిల్ల చేస్తే "కోటాలో వచ్చినోళ్లు ఇంతే" అంటారు. ఒక్కరి తప్పు వాడంతటికీ అంటగడతారు. అందుకే దాచుకోవడమే మనకు రక్షణ అనిపిస్తుంది.

చెల్లె ఒక్కటే అడిగింది: "నేను రాయకపోతే పొద్దున షిఫ్టోళ్లకు తెల్వదు. షుగర్ మళ్లీ పడితే ఎవరు చూస్తరన్నా?"

నా దగ్గర జవాబు లేదు.

రాసింది. ఎంత డోసు, ఎన్ని గంటలకు, ఎవరికి చెప్పింది, అన్నీ. ఆ అమ్మ కొడుక్కీ చెప్పింది. మెమో ఇచ్చారు. నెల తిరక్కుండా ఉద్యోగం పోయింది. ఆ రాత్రి వార్డులో 26 మంది పేషెంట్లకు ఇద్దరే నర్సులన్న మాట మెమోలో ఎక్కడా లేదు.

1998లో సుప్రీంకోర్టు స్ప్రింగ్ మెడోస్ కేసు చదవండి. టైఫాయిడ్‌తో చేరిన పిల్లాడికి నర్సు ఒక మందుకు బదులు ఇంకో మందు ఎక్కించింది. పిల్లాడి మెదడు దెబ్బతింది. నర్సు తప్పు నర్సుదేనని ఆసుపత్రి తప్పించుకోలేకపోయింది. అర్హత లేని మనిషిని పనిలో పెట్టుకున్నందుకు పరిహారం కట్టాల్సి వచ్చింది. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం 20,000కు తగ్గొద్దని చెప్పింది. మా చెల్లె జీతం 14,000. చట్టం జవాబు పైనుంచి అడుగుతుంది, ఆసుపత్రులేమో కింద చేతినే పట్టుకుంటాయి.

నర్సింగ్ చదివే చెల్లెళ్లూ, తమ్ముళ్లూ! తప్పు జరిగితే రాయండి. ఆ మంచం మీదున్న మనిషి ప్రాణం మీ కులం పరువు కంటే, మా భయం కంటే పెద్దది. ఆ రాత్రి ఎంతమందికి ఎంతమంది నర్సులో కూడా అదే కాగితం మీద రాయండి. మీరు రాసినప్పుడు బయట మీ వెనక నిలబడటం మా పని.

ఆ తెల్లవారుజామున నేను నిలబడలేదు. క్షమించు చెల్లె.

జై భీమ్.