ఏం నొక్కావు?

మా ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా మొదటి ప్రశ్న నాకే వస్తుంది. మిక్సీ తిరగకపోతే "నిండా కుక్కేశావా?", గీజరు కాగకపోతే "స్విచ్ వేశావా అసలు?", టీవీ రాకపోతే "రిమోట్ ఎవరు ముట్టుకున్నారు?" అని గాల్లోకి అడిగి నా వైపు చూడడం. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి ఆ ప్రశ్న రెండు మాటలకి కుదించుకుపోతుంది. "ఏం నొక్కావు?" మీ ఇళ్ళల్లో ఎలా ఉందో చెప్పండి. మా పక్కింటావిడని అడిగితే "మా ఇంట్లో అయితే 'మళ్ళీ ఏం నొక్కావు' అంటారండీ" అని నవ్వింది. నాకు ఆ 'మళ్ళీ' లేనందుకు సంతోషించాలన్నమాట.

కిందటి నెలలో మా డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్ తెరుచుకోవడం మానేసింది. ఒక్క పేజీ తెరుచుకోకపోతే ఏమవుతుంది అనుకుంటాం గానీ, దాని వెనక మా మావయ్యగారి మధ్యాహ్నం ఉంది.

ఆ కంప్యూటర్ 2013లో మావాడి చదువు కోసం కొన్నది. అప్పట్లో దాంట్లో విండోస్ 7 ఉండేది. 2020 జనవరితో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్త విండోస్ వేద్దామంటే 11 ఇంత పాత మెషీన్‌ని గడప కూడా తొక్కనివ్వదట. అందుకని 2022లో మావాడు వరంగల్ కాలేజీకి వెళ్ళే ముందు ఉబుంటు 22.04 వేసి ఇచ్చాడు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగు టైపింగు బాగుంది, వైరస్ గోల లేదు. నేను రాసేవన్నీ దాంట్లోనే.

దాంట్లో ఒక ఫోల్డరు ఉంది, 'అత్తయ్యగారు' అని. 2019 వేసవిలో ఆవిడ చేత నేను నా ఫోనులో పాడించిన పాటలు నలభై ఒకటి. మంగళహారతులు, లాలిపాటలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు కొన్ని, ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు. ఈ పాటల మాటలు పుస్తకాల్లో దొరుకుతాయి. ఆవిడ వాళ్ళ అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న వరస మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. రికార్డింగులు గొప్పవేం కాదు. వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుని పాడినవి. ఊర్మిళాదేవి నిద్ర మధ్యలో కుక్కర్ కూత వినిపిస్తుంది, ఆవిడ పాట ఆపి "అమ్మాయ్, ఎన్నోది?" అంటారు, నేను "మూడోదండీ" అంటాను, మళ్ళీ ఆపిన చోటే అందుకుంటారు.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. రోజూ మూడున్నరకి మావయ్యగారు కాఫీ గ్లాసు పట్టుకుని కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చుంటారు. నేను ఒక పాట పెట్టి నా పనిలోకి వెళ్ళిపోతాను. ఇంతే. దాని గురించి ఆయనా మాట్లాడరు, నేనూ మాట్లాడను.

పాత మానిటర్ మీద గీతలు పడుతున్నాయని మా ఆయన కొత్తది తెచ్చారు. దాంతోపాటు హెచ్‌డీఎంఐ వైరు వచ్చింది. బొమ్మ అద్దంలా ఉంది, శబ్దం మాత్రం లేదు. కారణం మావాడు తర్వాత చెప్పాడు. పాత నీలం వైరులో బొమ్మ ఒక్కటే వెళ్ళేది. ఈ వైరులో బొమ్మా శబ్దమూ రెండూ వెళ్తాయి. కంప్యూటర్ పాటల్ని మానిటర్‌కే పంపిస్తోంది. ఆ మానిటర్‌కి స్పీకర్లే లేవు. తాళం వేసిన ఇంటి ముందు రోజూ పాలప్యాకెట్ పెట్టి పోతున్నట్టు. పక్కనే మా పాత స్పీకర్లు ఎర్రలైటు వెలిగించుకుని ఖాళీగా కూర్చున్నాయి.

శబ్దం ఎటు వెళ్ళాలో మార్చాలంటే సెట్టింగ్స్‌లో సౌండ్ పేజీకి వెళ్ళాలి. ఈ వెర్షన్‌లో పైన కుడిమూల నొక్కితే శబ్దం పెంచడం తగ్గించడమే గానీ, ఏ స్పీకర్‌కి అన్నది అక్కడ లేదు. సరే అని పళ్ళచక్రం బొమ్మ మీద నొక్కాను. పైన పట్టీలో సెట్టింగ్స్ అన్న పేరు కనబడింది, పక్కన చిన్న చక్రం తిరిగింది, రెండూ మాయమయ్యాయి. మళ్ళీ నొక్కాను, మళ్ళీ అదే. తప్పు అని ఒక్క ముక్క రాదు, ఎర్రగా హెచ్చరికా లేదు. తలుపు తట్టితే లోపల అడుగుల చప్పుడు వినిపించి, ఆ తర్వాత ఎవరూ తీయకపోతే ఎలా ఉంటుందో అలా. ఆపి మళ్ళీ వేశాను. అప్‌డేట్లు ఉంటే వేశాను. ఏం మార్పు లేదు.

సాయంత్రం మా ఆయన వచ్చారు, ఆ రెండు మాటలూ అన్నారు. "చక్రం బొమ్మ నొక్కానండీ, అది తెరవడానికే కదా పెట్టారు" అన్నాను.

మర్నాడు వీధి చివర కంప్యూటర్ రిపేరు అబ్బాయిని పిలిచారు. అతను ఉబుంటు అని చూడగానే మొహం అదోలా పెట్టి, ఇవన్నీ పనికిరావు మేడమ్, ఫార్మాట్ కొట్టి విండోస్ వేసేస్తా, పదిహేను వందలు అన్నాడు. లోపల ఉన్నవి ఉంటాయా అంటే "గ్యారంటీ ఇవ్వలేం" అని తేలిగ్గా అనేశాడు. సంచిలోంచి డిస్కు తీసేశాడు కూడా. ఆ పాటలు రికార్డు చేసిన ఫోను ఎప్పుడో పోయింది. అవి ఉన్నది ఆ డబ్బాలో ఒక్కచోటే. టీ తాగి వెళ్ళమని చెప్పి పంపించేశాను.

అతను మెట్లు దిగగానే చేసిన మొదటి పని, పెన్‌డ్రైవ్ పెట్టి ఆ ఫోల్డరు కాపీ చేసుకోవడం. సెట్టింగ్స్ తెరుచుకోకపోయినా ఫైళ్ళు తెరుచుకుంటాయి, అది గమనించండి. ఎవరైనా మీ కంప్యూటర్ మీద చెయ్యి వేసే ముందు ఇది చేసి పెట్టుకోండి, బాగుచేసేది మీ సొంత తమ్ముడైనా సరే. ఆ పెన్‌డ్రైవ్ టీవీకి పెడితే ఈ రకం ఫైలు నాకు రాదంది. ఫోనులో పెడితే మావయ్యగారికి ఆ చిన్న శబ్దం ఆనదు.

మూడో రోజు మూడున్నరకి కూడా ఆయన కాఫీ పట్టుకుని అక్కడే కూర్చున్నారు. నేను మళ్ళీ చక్రం బొమ్మ మీద నొక్కుతుంటే చూసి, "వదిలెయ్ అమ్మాయ్, దానికేదో జబ్బు చేసినట్టుంది. నాకు గుర్తున్నాయిలే" అన్నారు. ఆయనకి గుర్తుండవు. కిందటి ఏడాది నుంచి పొద్దున వేసుకున్న మాత్ర సంగతే మధ్యాహ్నానికి గుర్తుండడం లేదు. నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఊరికే గిన్నెలు సర్దాను.

ఆ రాత్రి ఒక ఆలోచన వచ్చింది. ఆ కంప్యూటర్‌లో మా ఆయనకి వేరే లాగిన్ ఉంది, ఇన్సూరెన్సు కాగితాలవీ దాచుకోవడానికి. "ఏవండీ, ఒక్కసారి మీ పాస్‌వర్డ్ కొట్టండి" అని ఆయన లాగిన్‌లోకి వెళ్ళి చక్రం బొమ్మ నొక్కాను. నిక్షేపంగా తెరుచుకుంది! అంటే మెషీన్ బాగానే ఉంది, ఉబుంటూ బాగానే ఉంది. ఒకే ఇల్లు, ఆయన గది తలుపు తెరుచుకుంటోంది, నా గదిది తెరుచుకోవడం లేదు. "అయితే ఇక్కడే పెన్‌డ్రైవ్ పెట్టి వినిపించెయ్" అన్నారు మా ఆయన. వినిపించొచ్చు. కానీ నా గది తలుపుకి ఏమైందో తెలియకుండా పక్క గదికి కాపురం మార్చమంటే నాకు నచ్చలేదు.

పదింటికి మావాడికి ఫోన్ చేశాను. మొదట వాడూ అదే అడగబోయి, "ఏం..." అని ఆగిపోయాడు. మంచి పిల్లాడు. సెట్టింగ్స్ ప్రోగ్రామ్‌ని మళ్ళీ ఇన్‌స్టాల్ చేద్దామన్నాడు. కంట్రోల్, ఆల్ట్, టి మూడూ కలిపి నొక్కితే నల్ల కిటికీ వస్తుంది, టెర్మినల్ అంటారు. వాడు ఒక్కో అక్షరం చెబుతుంటే నేను కొట్టాను. అక్కడ పాస్‌వర్డ్ అడిగినప్పుడు మనం కొడుతున్నా తెరమీద ఏమీ పడదు, చుక్కలు కూడా రావు. కంగారు పడకుండా కొట్టుకుంటూ పోవడమే. అంతా అయింది, చక్రం బొమ్మ నొక్కితే మళ్ళీ అదే మాయం.

అప్పుడు చెప్పాను, నాన్న లాగిన్‌లో తెరుచుకుంటోందిరా అని. అటు వైపు రెండు క్షణాలు మౌనం. "అమ్మా, అది ముందే చెప్పొచ్చు కదా! ప్రోగ్రామ్ పాడైతే ఇద్దరికీ పాడవ్వాలి. నీ సెట్టింగ్స్‌లో ఏదో ఉంది" అన్నాడు. "అడిగితే చెబుతారు నాన్నా" అన్నాను.

బొమ్మ మీద నొక్కకుండా, ఆ ప్రోగ్రామ్ పేరునే టెర్మినల్‌లో కొట్టమన్నాడు. అలా చేస్తే అది ఎక్కడ పడిపోతోందో కనీసం ఆ చప్పుడు వినిపిస్తుందట. దాని పేరు గ్నోమ్ కంట్రోల్ సెంటర్. వాడు 'నోమ్' అని పలుకుతాడు. ఎన్‌తోనా అంటే, కాదు జీతో మొదలు, జీ పలకదు అన్నాడు. సెంటర్ చివర ఆర్‌ఈ నా, ఈఆర్ఆ? ఈఆర్. మధ్యలో రెండు అడ్డగీతలు. కొట్టి ఎంటర్ నొక్కితే ఒక వాక్యం వచ్చింది. 'సెగ్మెంటేషన్ ఫాల్ట్, కోర్ డంప్డ్.' మూడు రోజులకి అది నోరు తెరిచి చెప్పిన మొదటి మాట. అర్థం ఏమిటంటే, ప్రోగ్రామ్ తనది కాని జ్ఞాపకంలో చెయ్యి పెట్టబోయి కూలిపోయిందని. వాడు మాత్రం సంతోషపడ్డాడు.

సంగతి ఇదీ. సెట్టింగ్స్‌కి ఒక అలవాటు ఉంది. కిందటిసారి మనం ఏ పేజీ చూసి మూశామో గుర్తు పెట్టుకుని, మళ్ళీ తెరిచినప్పుడు తిన్నగా అదే పేజీకి వెళ్తుంది. మావయ్యగారు భాగవతంలో నెమలీక పెట్టుకుని రోజూ అక్కడే తెరిచినట్టు. ఆ పేజీలోనే ఏదో తేడా ఉంటే తెరిచిన ప్రతిసారీ అక్కడే కూలుతుంది, మిగతా పేజీలన్నీ బాగున్నా వాటి దాకా మనల్ని పోనివ్వదు. ప్రోగ్రామ్ మళ్ళీ వేసినా లాభం లేకపోయింది అందుకే. పుస్తకం కొత్తది తెచ్చాం, నెమలీక మాత్రం నా ఫోల్డర్లలో ఒక మూల అలాగే ఉంది.

"అయితే వేరే పేజీ దగ్గర తెరవమని చెప్పలేమా?" అన్నాను. "అదే చెప్పబోతున్నా" అన్నాడు. అదే పేరు కొట్టి, ఖాళీ వదిలి, పక్కన సౌండ్ అని చిన్న అక్షరాల్లో కొట్టించాడు.

తెరుచుకుంది. తిన్నగా సౌండ్ పేజీ. అవుట్‌పుట్ అన్నచోట హెచ్‌డీఎంఐ అని ఉంది, దాన్ని లైన్ అవుట్‌కి మార్చి టెస్ట్ బొమ్మ నొక్కాను. మూడు రోజులుగా శబ్దం రావడం లేదని స్పీకర్ల మరలు చివరిదాకా తిప్పి ఉంచాం కదా, రాత్రి పదకొండింటికి ఎవరో ఇంగ్లీషు ఆవిడ 'ఫ్రంట్ లెఫ్ట్' అని ఇల్లు అదిరిపోయేలా అరిచింది. పక్కగదిలోంచి మావయ్యగారు "ఎవరొచ్చారే అమ్మాయ్?" అన్నారు.

సెట్టింగ్స్ మూసి మళ్ళీ చక్రం బొమ్మ నొక్కాను. ఇప్పుడు హాయిగా తెరుచుకుంది, గుర్తు సౌండ్ పేజీకి మారింది కాబట్టి. ఆ గుర్తుని పూర్తిగా చెరిపేసే పద్ధతి కూడా ఉందన్నాడు మావాడు, మాకు ఆ అవసరం పడలేదు.

కూలిపోతున్నది డిస్‌ప్లే పేజీ. ఎందుకో మావాడు దసరాకి వచ్చి చూస్తానన్నాడు. కొత్త మానిటర్ పెట్టిన రోజు నా లాగిన్‌లో ఆ పేజీ తెరిచి, వాళ్ళ నాన్నగారికి కనబడాలని అక్షరాలు పెద్దవి చేసింది ఎవరో నాకు తెలుసు. అందులో ఆయన తప్పేమీ లేదు, ఆ రోజు అది బాగానే తెరుచుకుంది. ఆయన నన్ను అడిగినట్టు నేను ఆయన్ని అడగలేదు, అంతే. ఇక్కడ రాస్తున్నాను, ఆయన ఎలాగూ ఇవి చదవరు.

మర్నాడు మూడున్నరకి ఊర్మిళాదేవి నిద్ర పెట్టాను. కుక్కర్ కూత దగ్గర మావయ్యగారు గ్లాసు కింద పెట్టి "మూడోది" అన్నారు, నాకంటే ముందుగా.

పాటలు మా ఆడపడుచుకి విశాఖపట్నం ఒక కాపీ పంపాను, ఇంకోటి బీరువాలో నగలపెట్టెలో పెట్టాను. ఆ టెర్మినల్ పేరు తెలుగు అక్షరాల్లో, పలకని 'జీ'తో సహా, వంటింటి క్యాలెండర్ వెనక రాసి ఉంది. డిస్‌ప్లే అన్న మాట మీద మాత్రం ఇంట్లో ఎవ్వరూ వేలు పెట్టకూడదని మానిటర్ మూలన చిన్న చీటీ అంటించాను. మా ఆయన అది చూసి ఏమీ అనలేదు.