బొమ్మ వాళ్లది కాదు, ఫొటో వాళ్లది కాదు

మాది నరసరావుపేట. పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను. ఊళ్లో రెండెకరాల మిర్చి. కొండపల్లిలో ఒక పెద్దాయన చేసిన అంబారీ ఏనుగును, ఆయన సరేనన్నాకే, వాళ్లింటి అరుగు మీద ఫొటో తీశాను. తర్వాత అది గుంటూరులో ఒక బొమ్మల వ్యాపారి అట్టపెట్టెల మీద కనిపించింది. ఏనుగు ఎడమ చెవి అంచున రంగు లేచిపోయి, తెల్లపొణికి చెక్క గోరంత బయటపడి ఉంటుంది. పెట్టె మీదా అదే గోరంత తెలుపు.

అడగబోతే, "బొమ్మలు అమ్మేది మేము. ఫొటో తీసే హక్కు నీకెవరిచ్చారు?" అన్నాడు. వారం తిరక్కుండా లాయరు నోటీసు: ఐదు లక్షలు కట్టాలట, ఫొటో వాళ్లదేనని రాసివ్వాలట. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. అసలే మిర్చి కోతలు. కూలీలకు ఏ రోజు డబ్బు ఆ రోజు ఇవ్వాలి. అది కాస్తా ఫీజులకు పోయింది. కోత ఆలస్యమై, పైన వాన పడి సగం తాలుకాయ అయింది. "సంతకం పెట్టేసి వదిలించుకో బావా" అన్నాడు మా బావమరిది.

మా లాయరుగారు పెట్టనివ్వలేదు. 1957 కాపీరైట్ చట్టంలో ఫొటోకు కర్త దాన్ని తీసినవాడే. డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు తీయించుకున్నవాళ్లది. నాకెవరూ పైసా ఇవ్వలేదు. హక్కు రాసివ్వాలంటే సంతకంతో కాగితం ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అంబారీ ఏనుగు తరతరాల బొమ్మ. కొండపల్లి బొమ్మలకున్న భౌగోళిక గుర్తింపు ఆ పేరును కాపాడుతుంది, ఏ దుకాణదారుకూ కాపీరైట్ కట్టబెట్టదు. కార్టూన్ పాత్రల బొమ్మలైతే లెక్క వేరు; ఆ రూపానికి సొంతదారుంటాడు, ఫొటో అమ్ముకోవాలంటే అతణ్ణీ అడగాలి. బొమ్మ చేసిన పెద్దాయన వాటా అడిగితే మారుమాట లేకుండా ఇచ్చేవాణ్ణి. ఈ వ్యాపారి ఉలీ పట్టలేదు, కెమెరా పట్టలేదు.

తేదీతో సహా ఒరిజినల్ ఫైలు హార్డ్‌డిస్కులో ఉంది. అది జతచేసి జవాబిచ్చాం. ఊరికే బెదిరిస్తే 60వ సెక్షన్ కింద మేమే కోర్టుకెక్కుతామని కూడా రాశాం. నోటీసు ఊసు మళ్లీ లేదు. పెట్టెల మీద ఏనుగు మారింది. నాకు రావాల్సిన డబ్బు మాత్రం రాలేదు. ఈ చట్టం కింద దావా నేనుండే జిల్లాలోనే వేసుకోవచ్చట. కాగితాలు సిద్ధం చేస్తున్నాం.