చేతికి ఖరీదు కట్టేదెలా?

రోడ్డు ప్రమాదంలో చెయ్యి పోయి బతికి బయటపడితే ‘ప్రాణం దక్కింది, అదే పదివేలు’ అంటారు చుట్టాలు. ఆ పదివేల దగ్గరే మోసం!

ఇంట్లోవాళ్లు ఆస్పత్రి బిల్లులు భద్రంగా దాస్తారు. అది ఒక పద్దు మాత్రమే. మంచాన పడ్డ రోజుల్లో రాని కూలి, ముందుముందు చేయించుకోవాల్సిన వైద్యం, పడ్డ నొప్పి, బిడ్డను ఎత్తుకోలేని వెలితి... వీటికీ విడిగా పరిహారం ఉందని సుప్రీంకోర్టు 2010లో వివరంగా చెప్పింది.

అసలు పేచీ డాక్టరు రాసిచ్చే వైకల్యం శాతంతో. ఎడమ చెయ్యి తెగితే 60 శాతం అని రాశారనుకుందాం. గుమాస్తా ఉద్యోగం నిలబడొచ్చు. మరి వడ్రంగి? ఉలి ఓ చేత్తో, సుత్తి ఓ చేత్తో పట్టాల్సినవాడు. అతని సంపాదన దాదాపు నూటికి నూరూ పోయినట్టేనని ఆ తీర్పే ఉదాహరణగా చెప్పింది.

నెలకు 15 వేలు తెచ్చే 38 ఏళ్ల వడ్రంగినే తీసుకోండి. ఏడాదికి 1.80 లక్షలు. 2017 నాటి తీర్పు ప్రకారం, సొంతంగా పనిచేసుకునే 40 ఏళ్లలోపు వారికి రేపటి ఎదుగుదల కింద 40 శాతం కలుపుతారు. 2.52 లక్షలు. ఆ వయసుకు 15తో హెచ్చిస్తే 37.80 లక్షలు. అదే 60 శాతం దగ్గర ఆగిపోతే 22.68 లక్షలే. పిల్లల చదువులు గట్టెక్కేంత తేడా!

చేతులు 90 శాతం దెబ్బతిన్న ఓ వడ్రంగికి 2018లో సుప్రీంకోర్టు సంపాదన పూర్తిగా పోయినట్టే లెక్కగట్టింది. అందుకే అతను చేసిన తలుపుల రశీదులు, పని చేయించుకున్నవాళ్ల సాక్ష్యం కూడా బిల్లులతోపాటే వకీలు చేతిలో పెట్టాలి.