ముసుగు లేని ఫోటో

మావాళ్ల ఫోటోలు మీరు చూసే ఉంటారు. మెడదాకా నల్లగుడ్డ, రెండు పక్కలా రెక్కలు పట్టుకున్న పోలీసులు, కింద పెద్ద అక్షరాల్లో పేరూ బస్తీ. మొహం దాచి పేరు అచ్చెయ్యడం ఏం మర్యాదో మాకిప్పటికీ అర్థం కాదు.

2007 మే 18. జుమ్మా రోజు మక్కా మసీదులో బాంబు పేలింది. 9 మంది పోయారు. ఆ వెనక పోలీసు కాల్పుల్లో ఇంకో 5 గురు. చచ్చిందీ మేమే, పట్టుకుపోయిందీ మమ్మల్నే. పాతబస్తీ పిల్లల్ని ఎత్తుకెళ్లి కుట్ర కేసులు పెట్టారు. కరెంటు షాకుల సంగతి మైనారిటీ కమిషన్ కోసం విచారించిన న్యాయవాది నివేదికకెక్కింది. కోర్టులు నిర్దోషులన్నాయి. తర్వాత సర్కారు కొందరికి 3 లక్షలు, కొందరికి 20 వేలు ఇచ్చి, చేతిలో మంచి నడవడిక సర్టిఫికెట్ పెట్టింది. (మా నడవడికకు కాగితం కావాలి. కొట్టినవాళ్లకు అక్కర్లేదు.) ఆ పరిహారాన్ని 2013లో హైకోర్టు కొట్టేసింది. మసీదు కేసులో తర్వాత పట్టుకున్న హిందూత్వవాదులు 2018లో విడుదలయ్యారు. మరి బాంబు ఎవరు పెట్టినట్టు?

విడుదలైన రోజు ఫోటోలు ఎవరి దగ్గరా లేవు. కెమెరాలన్నీ అరెస్టుకే వస్తాయి.

అమెరికాలో టారిన్ సైమన్ అనే ఆమె, చెయ్యని నేరానికి ఏళ్లకేళ్లు జైల్లో మగ్గి డీఎన్‌ఏ పరీక్షతో బయటపడ్డవాళ్లను ఫోటోలు తీసింది. ఒకతన్ని పోలీసులు హోటల్లో పరుపు కింద నుంచి లాగారు. 18 ఏళ్లకు పైగా జైలు. ఆమె అతన్ని మళ్లీ ఆ గదిలోనే, ఆ పరుపు కిందే పెట్టి తీసింది. అతను మనకేసే చూస్తుంటాడు. వీళ్లలో చాలామందిని జైలుకు పంపింది కూడా ఫోటోయే. బాధితులకు ఫోటోలు చూపించి వీడేనా అంటే, వీడే అన్నారు.

అక్కడే సారా బెనెట్ అనే న్యాయవాది, దీర్ఘ శిక్షలు ముగించుకొచ్చిన ఆడవాళ్లను వాళ్ల పడగ్గదుల్లో తీసింది. తలుపు గడియ తమ చేతిలో ఉన్న గది. అది మాకు నచ్చింది. కానీ మా ఇళ్లల్లో పడగ్గదేది? ఒక్కటే గది. పొద్దున కుట్టుమిషను, రాత్రి పక్కలు.

అయినా కెమెరా పట్టుకుని ఒక ఇంటికి పోయాం. అమ్మీ చాయ్ ఇచ్చింది. కెమెరా చూడగానే చెయ్యి అడ్డం పెట్టింది. "నక్కో బేటా. ఇంట్లో పిల్ల ఉంది. ఆమెకు రిష్తా ఎట్లొస్తది?"

సరే, మొహం రాకుండా చేతులు తీస్తాం అన్నాం. జైలుకు ముందు మెకానిక్ చేతులు. ఇప్పుడు రాళ్లు పొదిగి లాక్‌గాజులు చేస్తున్నాయి. మంచి ఫోటో అవుతుందనే అనుకున్నాం.

అతను లేచి చొక్కా మార్చుకుని వచ్చాడు. "తీస్తే మొహమే తియ్యండి. దాచింది వాళ్లు. నేనెందుకు దాచుకోవాలె?"

తీశాం. రెండు పాస్‌పోర్ట్ సైజు కాపీలు కూడా అడిగాడు, లైసెన్సుకు కావాలట. అవి ఇచ్చేశాం. పెద్ద ఫోటో మా దగ్గరే ఉంది. అమ్మీ ఇంకా ఒప్పుకోలేదు.