తోలులో మూడు పేటలు

మాది పలమనేరు పక్క మాదిగపల్లె. మా నాయన లందలో తోళ్లు పదును చేసేవాడు. సున్నంలో వెంట్రుక ఊడగొట్టి, తంగేడు చెక్క దంచిన నీళ్లలో రోజుల తరబడి నానేసి, అంచు కోసి చూసేవాడు. రంగు నడిమిదాకా ఎక్కిందా, తోలు పండినట్టు. లేకుంటే మళ్లీ లందలోకే. ముక్కు మూసుకోని పొయ్యే ఊరోళ్లే ఆ తోలు బానతో కపిల తోలి చెరుకు పండించుకున్నారు.

తిరుపతిలో బయోకెమిస్ట్రీ చదివేటప్పుడు తెలిసింది, తోలులో ముఖ్యంగా ఉండేది కొల్లాజెన్ అనే ప్రొటీన్ అని. మూడు గొలుసులు మెలేసుకోని మోకు మాదిరి ఉంటుంది. గొలుసులో ప్రతి మూడోది గ్లైసిన్. అమైనో ఆమ్లాలన్నిట్లోకి చిన్నది. మోకు నడిమి ఇరుకులో అదే పడుతుంది. మూడు పేటలు పేని నాయన వారు అల్లేది చూసినోణ్ణి, నాకు పుస్తకంలో బొమ్మ అక్కర్లేకపోయింది.

ఈ సంగతి తేలింది మనకు దూరాన కాదు, మద్రాసులో. 1954లో, అంటే తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టిన ఏడే, జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా మూడు పేటల నమూనా అచ్చేసినారు. వాళ్లు ఎక్స్‌రే కింద పెట్టిన కంగారూ తోక నరం అక్కడి కేంద్రీయ తోళ్ల పరిశోధనా సంస్థ ఇచ్చిందే. అణువులు మరీ దగ్గరపడినాయని సీమదేశాల వాళ్లు తప్పుపట్టినారు. సరే, అణువులు ఎంత దగ్గరికి రాగలవో లెక్క తేలుద్దామని రామచంద్రన్ కూర్చున్నాడు. ఆ లెక్కే 1963లో రామచంద్రన్ పటమైంది. 2024లో నోబెల్ తెచ్చిన ఆల్ఫాఫోల్డ్ కంప్యూటర్లో ఆకారం కట్టినా, దాన్ని ఈ పటం మీద పెట్టి సరిచూస్తారు.

తోళ్ల దగ్గర మొదలైన విద్య ఇది. అయినా నేను పనిచేసిన ఒక ల్యాబులోకి తోలుముక్క తెస్తే, ఒక పెద్దమనిషి "మీ వాళ్లకు అలవాటే గదా" అని నవ్వినాడు. ఆయన బల్ల మీద సీసాలో ఉండేదీ అదే. సీసాలో ఉంటే కొల్లాజెన్ అంట!

తోలుముక్కను కెలోరీమీటర్లో మెల్లగా వేడిచేస్తే మూడు పేటలు ఏ వేడికి విడిపోతాయో గీత చూపిస్తుంది. పచ్చితోలు అరవై, అరవై ఐదు డిగ్రీలకే వదిలేస్తుంది. తంగేడు పట్టిన తోలు ఇంకా పైకి ఓర్చుకుంటుంది. చెక్కలోని టానిన్ పేటలను పట్టి కట్టేస్తుంది గనక. ఇది నాయనకు చెప్తే, "ఉడుకునీళ్లలో ముడుచుకుంటే పచ్చిదేనని మాకు తెలీదా ఏమిరా? దానికి మిషనా?" అన్నాడు.

ఇప్పుడు ఆయన గంపల్లో, దోసిళ్లలో చెప్పే కొలతలను తక్కెట్లో పెట్టి గ్రాముల్లో రాసుకుంటా ఉండాను. చెక్క ఏ కారులో కొట్టాలో ఇంకా చెప్పలేదు. వానలు పడనీ, చెట్టుకాడికే పోదాం అన్నాడు.