రిపోర్టులో ‘అసాధారణము’ అని ఉంటే



గర్భసంచి ముఖద్వారమునకు చేసే పాప్ స్మియర్ పరీక్ష రిపోర్టు పట్టుకొని, ప్రార్థన చేయమని మా యొద్దకు వచ్చే తల్లులున్నారు. ‘అసాధారణ కణములు’ అన్న మాట చూడగానే క్యాన్సరు వచ్చేసినదని తలంచి, పిల్లల పెండ్లిళ్ళ గురించి కూడ దిగులు పెట్టుకొంటారు. మేము వైద్యులము కాము. అయినను ప్రార్థనతోపాటు నాలుగు సంగతులు తెలిసికొని చెప్పుట కాపరుల బాధ్యత అని ఎంచుచున్నాము.

మొదటి సంగతి, ఈ పరీక్ష క్యాన్సరును నిర్ధారించదు. ఇది గేటు దగ్గర కాపలావాని వంటిది. ఎవరో వచ్చారని కేక వేస్తాడు. వచ్చినది చుట్టమో దొంగో ఇంటివారే చూచుకోవాలి. ఈ మార్పులకు ముఖ్య కారణము హెచ్.పి.వి. అనే వైరస్. చాలమందిలో అది ఒకటి రెండేండ్లలో దానంతట అదే పోతుంది. పోకుండ నిలిచిన కొందరిలోనే కణములు మారుతాయి. అవి క్యాన్సరుగా మారుటకు సాధారణముగా పదేండ్లు, అంతకు మించి కూడ పడుతుంది. గనుక ముందే కనిపెట్టుట మేలు.

రిపోర్టులో ‘ఆస్కస్’ అంటే అనుమానము మాత్రమే. హెచ్.పి.వి. పరీక్షో, కొంత కాలము తరువాత మరల స్మియరో చేస్తారు. ‘ఎల్.ఎస్.ఐ.ఎల్.’ అంటే స్వల్ప మార్పు. ‘హెచ్.ఎస్.ఐ.ఎల్.’ అంటే తీవ్రమైన మార్పు. దీనిని వాయిదా వేయకూడదు. కాల్పోస్కోపుతో పెద్దదిగా చేసి చూచి, చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. క్యాన్సరుకు ముందు దశయే అయితే తరచుగా ఆ చెడిన భాగము మాత్రము తీస్తే చాలును.

మరి రెండవ డాక్టరును ఎప్పుడు అడగాలి? కాల్పోస్కోపీ, బయాప్సీ లేకుండ, స్మియర్ ఒక్కటే చూచి గర్భసంచి తీసేయాలంటే తప్పక అడగాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. స్మియర్‌కు బయాప్సీకి పొంతన లేకపోయినా అడగాలి. అప్పుడు స్లైడ్లు, బ్లాకులు అడిగి తీసుకొని, పెద్ద క్యాన్సరు ఆసుపత్రిలో మరొక పెథాలజిస్టుకు చూపించవచ్చు. గర్భిణులు, ఇంకా పిల్లలు కావాలనుకొనేవారు కూడ అడుగుట మంచిది. రిపోర్టు బాగున్నదన్నా, భార్యాభర్తల కలయిక తరువాతగాని, ముట్లుడిగిన తరువాతగాని రక్తము కనబడితే ఊరుకోవద్దు. అయితే తీవ్రమైన మార్పు ఉన్నప్పుడు, డాక్టర్లను మార్చుచు నెలలు గడపకూడదు.

భర్తలకు ఒక మాట. ఈ వైరస్ కలయిక వలన వస్తుందని విని కొందరు భార్యను అనుమానిస్తున్నారు. ఇది ఏండ్ల తరబడి చప్పుడు లేకుండ ఉండగలదు. ఎప్పుడు, ఎవరి నుండి వచ్చినదో ఏ పరీక్షా చెప్పలేదు. గనుక నింద మాని, ఆమెతో ఆసుపత్రికి వెళ్ళండి.

అక్కలారా, జాతీయ కార్యక్రమములో 30 నుండి 65 ఏండ్ల స్త్రీలకు అయిదేండ్లకొకసారి ముఖద్వార పరీక్ష చేయాలని నియమమున్నది. ప్రభుత్వ ఆసుపత్రిలో అడగండి. పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ వైద్యులను వెదకినందుకు ప్రభువు ఆమెను గద్దించలేదు. రిపోర్టును బీరువాలో చీరల క్రింద దాచవద్దు.